సజ్దాలో రాలే నీటి చుక్క

కొల్లేటికోట నుండి ఒక పాఠకుడు మాకొక మస్అలా పంపారు. వారి తండ్రిగారు నెల క్రితం చెరువు గట్టు మీద మోటారు సైకిలు జారి పడ్డారట. నుదుటికి దెబ్బ తగిలింది, రెండు కుట్లు పడ్డాయి, వారం రోజుల్లో గాయం మానింది. అప్పటి నుండి నమాజులో సజ్దాకు వెళ్ళిన ప్రతిసారీ కుడి ముక్కు నుండి తేటనీరు చుక్కలు చుక్కలుగా చాప మీద రాలుతోందట. జలుబు లేదు, తుమ్ములు లేవు. ఆ నీటితో వుజూ భంగమవుతుందా, చాప కడగాలా అన్నది వారి ప్రశ్న.

మస్అలాకు జవాబు క్లుప్తంగా చెబుతాము. జలుబు వల్ల కారే చీమిడితో వుజూ పోదు. వ్యాధి మూలంగా, గాయం మూలంగా శరీరం లోపలి నుండి కారే ద్రవం విషయంలో హనఫీ ధర్మశాస్త్రవేత్తలు జాగ్రత్త వైపు మొగ్గారు, వుజూ తిరిగి చేసుకోవాలన్నారు. నమాజు సమయం మొత్తంలో ఆగకుండా కారే స్థితి ఉంటే ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. అతడు ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. వివరాలు దగ్గరలోని ముఫ్తీగారిని అడగవచ్చు.

అయితే ఆ తండ్రిగారు ముఫ్తీ దగ్గరకంటే ముందు వెళ్ళవలసిన చోటు మరొకటి ఉన్నది. తలకు దెబ్బ తగిలిన తరువాత ఒకే ముక్కు నుండి, తల వంచినప్పుడు, నీళ్ళలాంటి తేట ద్రవం కారుతూ ఉంటే అది చీమిడి కాకపోవచ్చు. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నిండి ఉండే మస్తిష్క మేరుద్రవం కావచ్చు. మెదడు కింద ఉన్న పలుచని ఎముక పగిలి, దాని మీది పొర చిరిగి, మెదడు నీరు ముక్కులోకి దారి చేసుకున్నదన్నమాట. నీరు బయటకు వచ్చిన దారినే ముక్కులోని సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళగలవు. అలా వెళితే మెదడు పొరల వాపు వస్తుంది. అది ప్రాణాంతకం. నిన్న మజ్లిసులో కూర్చుని మాట్లాడిన మనిషి ఇవాళ తీవ్ర జ్వరంతో, మెడ బిగుసుకుపోయి, స్పృహ తప్పి పడి ఉండటం ఈ విధంగానే జరుగుతుంది.

ఇంట్లోనే గమనించదగిన కొన్ని గుర్తులు ఉన్నాయి. చీమిడి అంటిన చేతిరుమాలు ఆరిన తరువాత గంజి పెట్టినట్లు బిగుసుకుంటుంది. మెదడు నీరు అంటిన రుమాలు ఆరితే మామూలు నీటితో తడిసి ఆరినట్లే మెత్తగా ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఆ నీరు గొంతులోకి జారి ఉప్పగా తోస్తుంది. ఇవి అనుమానానికి మాత్రమే, నిర్ధారణకు కావు. ఆ నీటిని చిన్న సీసాలో పట్టి ఇస్తే బీటా-2 ట్రాన్స్‌ఫెర్రిన్ అనే మాంసకృత్తు కోసం ప్రయోగశాలలో పరీక్షిస్తారు. అది ముక్కు స్రావంలో ఉండదు, మెదడు నీటిలో ఉంటుంది. తరువాత సన్నని ముక్కలుగా సీటీ స్కాన్ తీసి పగులు ఎక్కడుందో చూస్తారు.

దెబ్బ వల్ల కలిగిన కారుడు చాలామందిలో విశ్రాంతితో, తల ఎత్తుగా పెట్టి పడుకోవడంతో కొద్ది రోజుల్లో దానంతట అదే ఆగుతుంది. నెల గడిచినా ఆగనిది దానంతట అది ఆగుతుందని కూర్చోరాదు. ముక్కులో నుండే దుర్బిణి పంపి, తొడ నుండి తీసిన పొరతోనో ముక్కులోని పొరతోనో రంధ్రాన్ని మూసే శస్త్రచికిత్స ఉన్నది. తల మీద కోత ఉండదు. ఈలోగా ముక్కు గట్టిగా చీదరాదు, దూది కుక్కరాదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, మలబద్ధకం రాకుండా చూసుకోవాలి. వుజూలో నీటిని ముక్కులోకి బలంగా పీల్చరాదు. వైద్యుడు నిషేధించినచోట ఆ సున్నత్‌ను వదిలితే వుజూకు లోపం లేదు. సజ్దా కూడా సైగతో చేయవచ్చు. ఆ పాఠకునికి మేము ఫోనులో చెప్పిన మాట కూడా ఇదే: చాప తరువాత కడుగుదురు గాని, ముందు మీ నాన్నగారిని ఏలూరు తీసుకువెళ్ళండి.

ఈ ప్రశ్న మమ్మల్ని పుర్రె అడుగు భాగం గురించి రాయడానికి పురికొల్పింది. శరీరంలో ఈ చోటు గురించి మనకు తెలిసినది బహు స్వల్పం. గుండె అంటే తెలుసు, మూత్రపిండం అంటే తెలుసు. మెదడు ఏ పీట మీద కూర్చున్నదో ఎవరూ ఆలోచించరు.

మన ప్రాంతం వారికి గట్టు, తూము అంటే వేరే చెప్పనక్కరలేదు. చేపల చెరువు గట్టుకు అక్కడక్కడ తూములు ఉన్నట్లే పుర్రె అడుగు ఎముకకు చిన్నవీ పెద్దవీ రంధ్రాలున్నాయి. వాసనను, చూపును, వినికిడిని మోసుకువచ్చే నరాలు, ముఖాన్ని కదిలించే నరం, మింగుడును, గొంతును, నాలుకను నడిపే నరాలు ఈ రంధ్రాల గుండా వస్తాయి పోతాయి. అటువంటి నరాలు 12 జతలు. మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమనులూ ఈ ఎముకను దూరే పైకి వెళతాయి. అన్నిటికంటే పెద్ద రంధ్రం గుండా వెన్నుపాము కిందికి దిగుతుంది. ఎముకకు పైన మెదడు, కింద ముక్కు, గొంతు, చెవులు, కళ్ళ గూళ్ళు. గట్టు మీద ఒక అడుగు చోటులో ఇన్ని తూములు పెడితే అక్కడ చిన్న బుంగ పడినా ఎంత నష్టమో ఊహించండి. శనగగింజంత కణితి కడుపులో ఉంటే ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. అదే ఇక్కడ ఉంటే ఒక నరాన్ని నొక్కి చెవినో కంటినో మూతినో తీసుకుపోతుంది.

ఇక్కడ వచ్చే కణితులలో అధికభాగం క్యాన్సర్లు కావు. మెల్లగా, సంవత్సరాల మీద పెరుగుతాయి. అదే వాటితో చిక్కు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది హఠాత్తుగా మూర్ఛలతో పడిపోయినప్పుడు ఊరు ఊరంతా ఆసుపత్రికి పరుగెత్తింది. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ వారు తేల్చారు. హఠాత్తుగా వచ్చినదానికి పరుగెత్తుతాము. మెల్లగా వచ్చినదానితో సర్దుకుపోతాము. ఒక చెవి వినబడకపోతే ఫోను రెండో చెవికి మార్చుకుంటాము. చూపు పక్కల నుండి తగ్గితే వయసు మీద పడిందంటాము.

ఇక పీయూష గ్రంథి సంగతి. ఇది మన ఇళ్ళలో స్త్రీల కాపురాలకు సంబంధించిన విషయం కనుక కొంచెం విస్తరించి రాస్తాము. పుర్రె అడుగున సరిగ్గా నడుమ, గుర్రపు జీను ఆకారంలో ఒక ఎముక గుంట ఉన్నది. పాశ్చాత్య వైద్యులు దానికి పెట్టిన లాటిన్ పేరుకు అర్థం తుర్కీ జీను. ఆ జీను మీద బఠాణీ గింజంత పీయూష గ్రంథి కూర్చుని శరీరంలోని ఇతర గ్రంథులకు ఆజ్ఞలు పంపుతుంది. ఎదుగుదల, ఋతుక్రమం, పాలు పడటం, థైరాయిడ్ పని అన్నీ దాని అదుపులోవే. అక్కడ పుట్టే కణితులలో ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టిన్ అనే హార్మోనును అతిగా విడుదల చేసే రకం. ప్రొలాక్టిన్ పని బాలింతకు పాలు రప్పించడం. బిడ్డ లేని స్త్రీలో అది పెరిగితే నెలసరి ఆగిపోతుంది, గర్భం నిలవదు, కొందరికి రొమ్ముల నుండి పాలు వస్తాయి.

నికాహ్ అయి నాలుగేళ్ళయినా సంతానం కలగని అమ్మాయి పరిస్థితి మన సమాజంలో ఎలా ఉంటుందో పాఠకులకు తెలుసు. అత్తగారు దర్గాల చుట్టూ తిప్పుతారు. ఆడపడుచులు గొడ్రాలంటారు. కుమారునికి రెండో సంబంధం చూడమనే పెద్దమనుషులు కూడా తయారవుతారు. ఆ అమ్మాయికి పాలు వస్తున్నాయన్న సంగతి ఆమె సిగ్గుతో తల్లికి కూడా చెప్పదు. చెబితే నిందలు మోపేవారున్నారని ఆమెకు తెలుసు. అల్లాహ్‌కు భయపడవలసిన చోటు అది. పెళ్ళి కాని పిల్లకు, సంతానం లేని కోడలికి పాలు కనిపిస్తే అది శీలానికి సంబంధించిన సంగతి కాదు, రక్తపరీక్షకు సంబంధించిన సంగతి. ప్రొలాక్టిన్ పరీక్షకు చేతి నరం నుండి కొద్దిగా రక్తం తీస్తారు, అంతే. దానితోపాటు థైరాయిడ్ పరీక్ష, గర్భ పరీక్ష చేస్తారు. ఎందుకంటే థైరాయిడ్ లోపించినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. వాంతులకు వాడే డోంపెరిడోన్ వంటి మాత్రలు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు కూడా దానిని పెంచుతాయి. ఇవేవీ కారణం కాకపోతే ఎంఆర్ఐ తీస్తారు.

సంతోషించదగిన విషయమేమంటే ఈ రకం కణితికి చాలా సందర్భాల్లో కత్తి అవసరం లేదు. కాబెర్గోలిన్ అనే మాత్ర వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే అధికశాతం మందిలో హార్మోను దిగివస్తుంది, కణితి కుంచించుకుపోతుంది, నెలసరి తిరిగి వస్తుంది, గర్భం దాల్చే అవకాశం ఏర్పడుతుంది. గర్భం నిర్ధారణ కాగానే ఆ మాత్ర కొనసాగించాలా ఆపాలా అన్నది హార్మోన్ల వైద్యుని అడగాలి. పురుషులకూ ఈ కణితి వస్తుంది. వారిలో కోరిక తగ్గడం, సంతానలేమి కనిపిస్తాయి. మగవారు వీటిని ఎవరికీ చెప్పరు. అందువలన వారిలో కణితి పెద్దదై, చూపు దెబ్బతిన్న తరువాతనే బయటపడటం తరచుగా జరుగుతుంది. పిల్లలు లేరంటే భార్యకు మాత్రమే పరీక్షలు చేయించి భర్త చేతులు కట్టుకుని కూర్చోవడం న్యాయం కాదు, వైద్యం కూడా కాదు.

అదే గ్రంథిలో మరొక రకం కణితి ఎదుగుదల హార్మోనును అతిగా వదులుతుంది. పెద్దవారు ఎత్తు పెరగరు గాని ఉంగరం బిగుస్తుంది, చెప్పుల సైజు పెరుగుతుంది, దవడ ముందుకు వస్తుంది, పళ్ళ మధ్య సందులు పడతాయి, చక్కెర వ్యాధి వస్తుంది. ఇంట్లోవారు రోజూ చూస్తుంటారు కనుక గుర్తించలేరు. పదేళ్ళ నాటి నికాహ్ ఫోటోను పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇంకొక రకం ముఖాన్ని చంద్రబింబంలా గుండ్రంగా చేస్తుంది, పొట్ట మీద ఊదారంగు చారలు తెస్తుంది, రక్తపోటు పెంచుతుంది. ఏ హార్మోనూ వదలని కణితులు కూడా ఉన్నాయి. అవి నిశ్శబ్దంగా పెరిగి పైనున్న కంటి నరాలను నొక్కుతాయి.

కంటి నరాల కథ మా వంటి మదరసా వారికి ఆసక్తికరం. రెండు కళ్ళ నుండి వచ్చే నరాలు పీయూష గ్రంథికి సరిగ్గా పైన కలుసుకుంటాయి. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైసమ్ వెయ్యేళ్ళ క్రితం కితాబ్ అల్ మనాజిర్‌లో ఈ నరాల కలయికను చర్చించారు. మన పెద్దలు దీనిని చదివేవారు. మనం వారి పేర్లు చెప్పుకొని గర్వించడంతో సరిపెడుతున్నాము. ఆ కూడలిని కింది నుండి కణితి నొక్కినప్పుడు రెండు కళ్ళకూ బయటి పక్కల చూపు పోతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల ఉన్నది కనిపించదు. గుమ్మానికి భుజం తగలడం, దారిలో పక్క నుండి వచ్చే సైకిలును చూడకపోవడం, నమాజు వరుసలో పక్కవారిని గుద్దుకోవడం. కళ్ళజోడు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. అటువంటివారు కంటి వైద్యుని దగ్గర దృష్టి క్షేత్ర పరీక్ష అడిగి చేయించుకోవాలి. హఠాత్తుగా భరించరాని తలనొప్పి, వాంతి, చూపు మసకబారటం మూడూ ఒకేసారి వస్తే కణితిలో రక్తస్రావం జరిగి ఉండవచ్చు. అది గంటల వ్యవహారం. తెల్లవారే దాకా ఆగరాదు.

చెవికి వస్తాము. ఒకే చెవిలో వినికిడి మెల్లగా తగ్గడం, అదే చెవిలో ఎడతెగని హోరు, నడకలో కొద్దిపాటి తూలు. ఈ మూడింటి వెనుక వినికిడి నరం మీది కణితి ఉండవచ్చు. ఒక చెవితో వినేవానికి శబ్దం ఏ దిక్కు నుండి వస్తున్నదో తెలియదు. అజాన్ వినిపిస్తుంది గాని ఏ మస్జిద్ నుండి వచ్చిందో చెప్పలేడు. వినికిడి పరీక్షలో రెండు చెవుల మధ్య తేడా కనిపిస్తే ఎంఆర్ఐ అడుగుతారు. ఇది క్యాన్సర్ కాదు. చిన్నదైతే ఏటేటా స్కాన్ తీసి గమనిస్తూ ఉండవచ్చు. పెరుగుతూ ఉంటే కేంద్రీకృత రేడియేషనో శస్త్రచికిత్సో చేస్తారు. వృద్ధులకు చెవి తగ్గడం సహజం, నిజమే. కానీ వయసు రెండు చెవులకూ సమానంగా వస్తుంది.

పెద్దవారిలో ఒక చెవి దిమ్మెక్కి, లోపల నీరు చేరి, మెడ మీద పక్కగా గడ్డ కనిపిస్తే ముక్కు వెనుక భాగాన్ని దుర్బిణితో చూపించుకోవాలి. అక్కడ వచ్చే క్యాన్సరుకు ప్రధాన చికిత్స శస్త్రచికిత్స కాదు, రేడియేషన్. తొలిదశలో వెళితే నయమయ్యే అవకాశం బాగుంటుంది.

కొల్లేటి ప్రాంతం వారికి మేము ప్రత్యేకంగా చెప్పదలచినది చక్కెర వ్యాధిగ్రస్తుల చెవిపోటు గురించి. చెరువుల్లో దిగి వల లాగేవారికి, పట్టుబడి రోజుల్లో తెల్లవారుజాము నుండి నడుములోతు నీళ్ళలో ఉండేవారికి చెవిలో నీరు పోవడం మామూలు. దురద పుడితే అగ్గిపుల్ల, తాళంచెవి, కోడి ఈక, ఏది చేతికందితే అది పెడతారు. నూనె కాచి పోస్తారు. పడుచువానికి అది చిన్న చెవిపోటుగా వచ్చి పోతుంది. షుగరు అదుపులో లేని అరవై ఏళ్ళ మనిషికి మాత్రం నీటిలో నివసించే సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి ఆ గీతలోంచి దూరి, మెత్తని భాగాన్ని దాటి, పుర్రె అడుగు ఎముకను తినడం మొదలుపెడుతుంది. 1968లో అమెరికా వైద్యుడు చాండ్లర్ దీనికి ప్రాణాంతక చెవివాపు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అది క్యాన్సర్ కాదు, కానీ ఆ రోజుల్లో దాని నడక అంత భయంకరంగా ఉండేది.

దీని గుర్తు నొప్పి. చూడటానికి చెవిలో పెద్దగా ఏమీ ఉండదు, నొప్పి మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వదు. దవడ వరకు, కణత వరకు పాకుతుంది. రసి కారుతుంది. కొన్ని వారాలకు మూతి ఒక పక్కకు వంకరపోతుంది. అప్పుడు ఇంట్లోవారు లక్వా కొట్టిందంటారు. ఇక్కడ ఒక మాట. అరబ్బీ వైద్యగ్రంథాల్లో లక్వా అంటే ముఖం వంకరపోవడమే. చేయి కాలు పడిపోతే దానిని ఫాలిజ్ అన్నారు. రాజీ, ఇబ్న్ సీనా ఈ రెంటినీ వేరువేరుగా రాశారు. మన ఉర్దూలో రెండూ కలిసిపోయి అన్నిటికీ లక్వా అనడం అలవాటైంది. దానితో వైద్యమూ కలిసిపోయింది: మూతి వంకరపోతే పావురం రక్తం పూయడం, అడవి నూనెలు మర్దించడం. మూతి వంకరకు కారణం చెవిలో ఉందేమోనని చూసేవారు లేరు. ఆ తరువాత గొంతు బొంగురుపోయి, మింగుడు పడక, నీళ్ళు ముక్కులోంచి వచ్చే దశకు చేరితే వ్యాధి ఎముకలో ఎంతో దూరం నడిచిందని అర్థం.

చికిత్స ఉన్నది, కానీ అది అయిదు రోజుల కోర్సు కాదు. చెవి స్రావాన్ని పరీక్షకు పంపి, ఏ మందుకు సూక్ష్మజీవి లొంగుతుందో తేల్చుకుని, ఆరు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ కాలం ఇంజెక్షన్లు, మాత్రలు ఇస్తారు. చిన్న ముక్క తీసి క్యాన్సర్ కాదని రూఢి చేసుకుంటారు. షుగరును ఇన్సులిన్‌తో బిగించి పట్టాలి. మందుల దుకాణంలో చెప్పి తెచ్చుకున్న సగం కోర్సు వాడి, నొప్పి తగ్గగానే ఆపేసేవారి వల్లనే ఈ సూక్ష్మజీవులు మందులకు మొండికేస్తున్నాయి. లంక గ్రామాల్లో ఆర్‌ఎంపీ డాక్టరే దిక్కు, ఆ సంగతి మాకు తెలుసు. వానాకాలంలో పడవో పంటో దాటి రావాలి. వారిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు, అర్ధరాత్రి తలుపు తీసేది వారే. కానీ షుగరు ఉన్న మనిషికి వారం దాటిన చెవిపోటును పంపించివేయవలసిన బాధ్యత వారిమీద ఉన్నది, వెళ్ళవలసిన బాధ్యత మనమీద ఉన్నది.

ఈ షుగరు మాట వచ్చినప్పుడు 2021 వేసవిని గుర్తు చేయక తప్పదు. కరోనా రెండో ఉప్పెన దిగుతున్న రోజుల్లో నల్ల ఫంగస్ అన్న మాట ప్రతి ఇంట్లో వినిపించింది. ఆ మే నెలలో దీనిని ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించమని కేంద్రం రాష్ట్రాలను కోరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి తెలంగాణకు ప్రధాన చికిత్సా కేంద్రమైంది. ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ కోసం బంధువులు ఊరూరా తిరిగారు. ఎందరో ఒక కన్ను, పై దవడ కోల్పోయి బతికారు. ఎందరో బతకలేదు.

ఆ వ్యాధి నడిచిన దారి ఈ పుర్రె అడుగు దారే. మ్యూకర్ అనే బూజు మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఎప్పుడూ ఉంటుంది. దాని ధూళిని మనమంతా పీలుస్తూనే ఉంటాము, ఏమీ కాదు. రక్తంలో చక్కెర అదుపు తప్పినవారికి, స్టెరాయిడ్లు అతిగా వాడినవారికి మాత్రం అది ముక్కులో వేరు పట్టి, ముఖపు ఎముకల గదుల గుండా కంటి గూటికి, అక్కడి నుండి పుర్రె అడుగుకు, మెదడుకు వెళుతుంది. రక్తనాళాల్లోకి దూరి వాటిని మూసివేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. నలుపు బూజుది కాదు, చచ్చిన కండది. అందుకే ఇంజెక్షన్ ఒక్కటే చాలదు. రక్తం అందని చోటికి మందు కూడా అందదు. చచ్చిన భాగాన్ని తీసివేయాలి, మందు ఇవ్వాలి, మూత్రపిండాలను కనిపెట్టి ఉండాలి, షుగరు దించాలి, అన్నీ ఒకేసారి.

కరోనా పోయింది కదా, ఇదీ పోయింది అనుకుంటున్నారు చాలామంది. పోలేదు. కరోనాకు ముందే మన దేశంలో షుగరు రోగులలో ఇది ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. షుగరు ఉన్నవారికి ముఖంలో ఒక పక్క నొప్పి లేదా తిమ్మిరి, ముక్కు నుండి నల్లని లేదా రక్తపు స్రావం, పై పళ్ళు కదలడం, కంటి రెప్ప వాలడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, అంగిలి మీద నల్లమచ్చ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే బయలుదేరాలి. మరుసటి రోజు అన్న మాట లేదు. కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి, ఒంట్లో బలానికి అంటూ పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని మాత్రల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. అటువంటి పొట్లం ఎవరు ఇచ్చినా, హకీం సాబ్ ఇచ్చినా సరే, పేరు రాసి ఇమ్మని అడగండి. రాయనివాని మందు వద్దు.

మా దగ్గర చదువుకునే పిల్లల సంగతి ఒకటి. వేసవిలో కుర్రవాళ్ళకు ముక్కు నుండి రక్తం రావడం మేము తరచు చూస్తాము. వేడి చేసిందంటారు, నెత్తిన నీళ్ళు పోస్తారు. ముందుకు వంగి కూర్చుని, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే చాలామందికి ఆగిపోతుంది. తల వెనక్కి వాల్చరాదు. అయితే పది నుండి ఇరవై ఏళ్ళ మధ్య మగపిల్లవానికి ఎప్పుడూ ఒకే పక్క నుండి, పదే పదే, ధారగా రక్తం వస్తూ, ఆ పక్క ముక్కు మూసుకుపోయి ఉంటే అది వేడి కాదు. ముక్కు వెనుక, పుర్రె అడుగున రక్తనాళాల ముద్దలాంటి కణితి ఒకటి ఈ వయసు మగపిల్లలకు వస్తుంది. క్యాన్సర్ కాదు, కానీ చేయి తగిలితే రక్తం వరదలా వస్తుంది. ముక్కులో కండ పెరిగిందని ఎక్కడపడితే అక్కడ కోయించరాదు. ముందు స్కాన్ తీసి, రక్తనాళాలను లోపలి నుండి మూసి, ఆ తరువాతనే తీస్తారు. మదరసా హాస్టళ్ళ బాధ్యులు పిల్లవాని ఇంటికి కబురు పెట్టడంలో ఆలస్యం చేయరాదు.

వాసన గురించి రెండు మాటలు. జలుబు, కరోనా వల్ల వాసన పోయినవారు ఎందరో ఉన్నారు, వారికి భయం లేదు. ఏ కారణమూ లేకుండా మెల్లగా అత్తరు వాసన తెలియకుండా పోయి, దానితోపాటు మనిషి స్వభావం మారితే, శుభ్రత పాటించే మనిషి మురికిగా ఉండటం, మృదుభాషి బూతులు మాట్లాడటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం కనిపిస్తే, మెదడు ముందు భాగాన్ని కింది నుండి నొక్కే పొర కణితి ఉండవచ్చు. మన ఇళ్ళలో ఇటువంటి మనిషిని ముందుగా చూపించేది ఎవరికో చెప్పనక్కరలేదు. అసర్ అంటారు, జిన్ అంటారు, తావీజు కడతారు, కొందరు కొడతారు కూడా. దుఆ చదివి ఊదడాన్ని మేము కాదనము, మేమూ చదువుతాము. చికిత్స చేయించుకోమని ఆదేశించినవారు దైవప్రవక్త (స) స్వయంగా. దుఆ చదివేవాడు స్కాన్ తీయించవద్దన్నా, మాత్రలు ఆపమన్నా అతడు దుఆ వ్యాపారి. అతనికి సలాం చెప్పి ఇంటి నుండి పంపించివేయండి. కణితి తీయగానే మునుపటి మనిషి తిరిగి వచ్చిన సందర్భాలు వైద్యులకు సుపరిచితం.

శస్త్రచికిత్స అనగానే పుర్రె కోస్తారని భయం. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ష్లోఫర్ అనే శస్త్రవైద్యుడు పీయూష గ్రంథి కణితిని మొదటిసారి ముక్కు దారిన తీశారు. ఈనాడు సన్నని దుర్బిణితో ముక్కు రంధ్రాల గుండానే ఈ పని జరుగుతున్నది; ముక్కు వైద్యుడు, మెదడు శస్త్రవైద్యుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడి చేస్తారు. చోటును బట్టి చెవి వెనుక నుండి, కణత నుండి తెరవవలసినవీ ఉన్నాయి. కొన్ని కణితులకు కత్తి లేకుండా గామా కిరణాలను ఒకే బిందువు మీద కేంద్రీకరించే చికిత్స సరిపోతుంది. ధమనిని చుట్టుకున్న కణితిలో కొంత వదిలివేసి మిగతాది తీయడం కూడా సరైన వైద్యమే. డాక్టరు చేతకాక వదిలారని అనుకోరాదు.

మన వైపు నుండి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాదు నిమ్స్‌లలో మెదడు శస్త్రచికిత్సా విభాగాలున్నాయి. 2023లో ఏలూరుకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. చెవి, ముక్కు, గొంతు వైద్యుని తొలి పరీక్షకు దూరం పోనక్కరలేదు. మునుపటి ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్నది. కార్డు వెంట తీసుకువెళ్ళి ఆసుపత్రిలోని ఆ పథకం సహాయకులను ముందు కలవండి. పొలం తాకట్టు పెట్టడానికి, వడ్డీ అప్పు తేవడానికి ముందు ఆ బల్ల దగ్గర అడగండి. పాత స్కాన్ ఫిల్ములను పారవేయవద్దు. కణితి పెరిగిందా లేదా అని చెప్పేవి అవే.

ముక్కు దారిన శస్త్రచికిత్స అయినవారు కొన్ని వారాలు ముందుకు వంగరాదు, బరువు ఎత్తరాదు, ముక్కు చీదరాదు. కుర్చీలో కూర్చుని, రుకూ కంటే సజ్దాకు తలను కొంచెం ఎక్కువ వంచే సైగతో నమాజు చేయాలి. మస్జిదులో ఎవరైనా అలా చేస్తుంటే, పడుచువాడవు కుర్చీ ఎందుకని పక్కనున్న పెద్దలు గద్దించవద్దు.

పీయూష గ్రంథి పని తగ్గినవారికి హైడ్రోకార్టిసోన్ మాత్ర రోజూ ఇస్తారు. అది ప్రాణాధారం. ఉపవాసమని దానిని మానరాదు. రమజాను రావడానికి ఒక నెల ముందే డాక్టరును కలిసి, సహరీకి ఎంత, ఇఫ్తారుకు ఎంత అని రాయించుకోవాలి. ఉపవాసం వద్దని ఆయన అంటే ఆ సడలింపు షరీఅత్ ఇచ్చినదే. జ్వరం, వాంతులు వస్తే మోతాదు పెంచవలసి ఉంటుంది, ఎంత పెంచాలో ముందే అడిగి ఉంచుకోవాలి. వాంతి వల్ల మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్ అవసరం. ఈ మాత్ర వాడుతున్నానని తెలుగులో, ఇంగ్లీషులో రాసిన చీటీ ఒకటి చొక్కా జేబులో, స్త్రీలైతే పర్సులో, ఎప్పుడూ ఉండాలి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ చీటీ ఎక్కడుందో తెలిసి ఉండాలి.